చెరుకాకు కప్పిన ఇళ్లు

చెరుకు పొలాలను ఆనుకున్న ఆ వాడకట్టు వాళ్లు పట్టణ ప్లాన్ మ్యాపును పట్టించుకోలేదని, అభ్యంతరమే చెప్పలేదని ఇప్పుడు అందరూ అంటున్నారు. పచ్చి అబద్ధం. వాళ్లు వచ్చారు. మ్యాపును ముట్టనివ్వనిది మేము.

నిజామాబాద్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర ఉపగ్రహ ఫొటో చూస్తూ కంప్యూటర్‌లో ఇళ్లు గీయడం నా పని. ఆ ఫొటో ఎండాకాలంలో తీసింది. బోధన్ వైపు ఎండలు ముదిరితే రేకుల మీద ఎండిన చెరుకాకు కప్పుతారు. పైనుంచి చూస్తే ఇళ్లు గడ్డివాముల్లా కనిపిస్తాయి. నేను పెరిగింది అలాంటి కప్పు కిందే. అయినా, "ఫొటోల కనవడ్డదే గియ్యి" అని సార్ అనగానే ఆ వాడకట్టు ఇళ్ల వరుసంతా ఖాళీ స్థలమని రంగు నింపేశాను. కొత్త రోడ్డు గీత దాని మీదుగానే పోయింది.

తర్వాత ప్రజలకు మ్యాపు చూపించే సభ పెట్టారు. బ్యానరు మీద ‘ప్రజా భాగస్వామ్యం’. చెరుకు నరికే కూలికి పోయే ఒక అవ్వ తెర దగ్గరికొచ్చింది.

"మా ఇల్లేది బిడ్డా?"

"గాడ ఖాళీ జాగ అని ఉందవ్వా."

"ఖాళీనా? మరి పొద్దుగాల నేను జొన్నగట్క వండింది యాడ?"

వెనక నుంచి ఎవరో అందుకున్నారు: "నీ ఇల్లు గడ్డివామనుకున్నరవ్వా! ఎడ్లను తోల్తరు, పైలం!"

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. మౌసు మీద చెయ్యి వేయబోయింది. "ఇటియ్యి, నేనే సూపిస్త."

సార్ నా వైపు చూశాడు. నేను మౌసు లాక్కున్నాను.

"మార్చుడు బందైందవ్వా. ఆన్‌లైన్‌ల అర్జీ పెట్టుకో."

బంద్ కాలేదు. ఇల్లు చేర్చడానికి నిమిషం చాలు. ఆన్‌లైన్ పేజీ మొత్తం ఇంగ్లీషు, ఫోన్‌లో తెరుచుకోదు. నా ఫోన్‌లోనే తెరుచుకోలేదు. అదీ నాకు తెలుసు. చివరికి రిపోర్టులో ‘స్పందన లేదు’ అని రాశారు.

రోడ్డు కోసం ఇళ్ల ముందు హద్దురాళ్లు పాతాక వెళ్లి అవ్వకు నిజం చెప్పాను.

"గప్పుడు నోట్ల బెల్లం వెట్టుకున్నవా?" అంది. "నాకు జెప్తే ఏమొస్తది? మీ సార్ ముంగట జెప్పు."

"నౌకరీ వోతదవ్వా."

"నా ఇల్లే వోతది."

మర్నాడు ఆమెతో మా ఆఫీసుకు వెళ్లి సార్‌తో అందరి ముందూ చెప్పాను. "రాసియ్యి, చూద్దాం" అన్నారు. రాసిచ్చాను. ఇంకా చూస్తూనే ఉన్నారు. ఆ వాడకట్టులో మొదట కూలిన గోడ అవ్వదే.