ముందు అద్దం మీద చెయ్యి

పోయిన వారం ఇక్కడ అమెరికాలో, బెంటన్‌విల్‌లో సిగ్నల్ దగ్గర ఆగితే పక్క లేన్‌లో ఒక పాత ఛార్జర్ వచ్చి నిలబడింది. ఫోను ఛార్జర్ కాదు, కారు. అరవైల చివర్లో వచ్చిన మోడల్. ఆ ఇంజను మోత చెవికంటే ముందు గుండెకి తగులుతుంది. నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్న పక్కింటి అమ్మాయి, ఇక్కడే పుట్టిన పిల్ల, "దాన్లో ఎయిర్‌బ్యాగ్ కూడా ఉండదు ఆంటీ, పీపుల్‌కి ఎందుకంత క్రేజ్?" అంది. నాకు ఒళ్ళు జలదరించిందని ఆ పిల్లతో చెప్పుకోవడం నామోషీ.

నిజానికి అందులో కిటుకు చిన్నదే. మామూలు సైజు కారులో అవసరానికి మించిన పెద్ద ఇంజను పెట్టి కుర్రకారు చేతికిచ్చారు. తరవాత పెట్రోలుకి కటకట వచ్చింది, రూల్సు పెరిగాయి, ఆ సంబరం పట్టుమని పదేళ్ళు నిలవలేదు. ఇప్పుడు వాటిని ముద్దుగా దాచుకునేవాళ్ళు కారుని దాచుకుంటున్నారో, అప్పటి తమ వయసునో నేను చెప్పలేను. మా ఇంట్లో ఉన్నదాని సంగతి వేరు.

ఎనభైల మొదట్లో మావారు ఇక్కడికి అరగంట దూరంలో ఒక చిన్న ఊళ్ళో డాక్టరు. ఆయన పేషెంటు ఒక ముసలావిడ, తన షెడ్డులో ఏళ్ళ తరబడి గుడ్డ కప్పి ఉంచిన ముదురాకుపచ్చ ఛార్జర్‌ని ఆయనకి అమ్మింది. అది ఆవిడ ఒక్కగానొక్క కొడుకుది. యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. స్పీడు నలభై దాటితే దేవుణ్ణి తలుచుకునే మావారికి అలాంటి కారెందుకో నాకు అర్థమయ్యేది కాదు. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, ప్రతి శనివారం మధ్యాహ్నం తనని పక్క సీట్లో కూచోబెట్టుకుని ఊరంతా తిప్పాలి. అలాగే తిప్పేవారు. కానీ ఆవిడ మావారితో మాట్లాడేది కాదు. ముందు అద్దం వైపు చూస్తూ ఏదో గొణుక్కునేది, మధ్యమధ్య నవ్వేది. చలికాలంలో మరీను. వెనక సీట్లో ఉన్న నాకు అరికాళ్ళు చల్లబడేవి.

విజయదశమికి వాహన పూజ చేద్దామని కారుని లోపలా బయటా కడిగాను. ముందు అద్దానికి లోపల, డ్రైవరు వైపు ఒక జిడ్డు మరక మొండికేస్తే, టైర్ల కింద పెట్టడానికి తెచ్చిన నిమ్మకాయల్లో ఒకటి కోసి, చెక్కతో రుద్ది రుద్ది వదలగొట్టాను. పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. ఆ శనివారం ఆవిడ ఎక్కి, అద్దం వైపు వేలు చూపించింది. "అక్కడ మా వాడి చెయ్యి ఉండేది," అంది. వెళ్ళే రోజున కొడుకు చివరిసారి డ్రైవరు సీట్లో కూచుని అరచెయ్యి అద్దానికి ఆనించాడట. ఆవిడ బయట నిలబడి తన చెయ్యి దానిమీద ఆనించిందట. చలికి అద్దం మసకబారినప్పుడల్లా ఆ చెయ్యి కనిపించేది.

"నీకేం తెలుసులే," అని దిగిపోయింది. మళ్ళీ రాలేదు. మందులు కూడా మానేసిందని మావారు చెప్పారు. ఒక తల్లికి మిగిలిన ఒకే ఒక్క గుర్తుని నా శుభ్రం పొట్టన పెట్టుకుంది. ఏం చెయ్యాలో తోచక ఒకరోజు అరచేతికి కొబ్బరినూనె రాసుకుని, ఆ చోటే నా చెయ్యి అద్దానికి ఆనించాను. మావారికి కూడా చెప్పలేదు.

డిసెంబరులో సన్నటి వానలో ఆయన ఆవిణ్ణి బతిమాలి తీసుకొచ్చారు. ఇంటి ముందే ఇంజను ఆన్ చేసి కూచున్నాం. మా ముగ్గురి ఊపిరికీ అద్దం మసకబారింది. నా అయిదు వేళ్ళూ తేలాయి. ఆవిడ తిరిగి నావైపు చూసి, "ఇది ఆడమనిషి చెయ్యి," అంది. నేను తల దించుకున్నాను. ఎత్తేసరికి మావారు బిగుసుకుపోయి ఉన్నారు. నా చెయ్యి పక్కన, ఒక్కొక్క వేలే, ఇంకో పెద్ద చెయ్యి తేలుతోంది.

ఆవిడ తలుపు తీసుకుని వానలోనే కారు ముందుకి వెళ్ళి, బయటినుంచి ఆ పెద్ద చేతిమీద తన అరచెయ్యి ఆనించింది. పెడల్ మీద మావారి కాలు లేదు. అయినా ఇంజను ఒక్కసారి ఉరిమింది. ఆయన కంగారుగా బ్రేకు తొక్కిపట్టారు. కారు అంగుళం కూడా కదల్లేదు. ఆవిడ నవ్వుతోంది.

ఆ సాయంత్రం మావారి చెయ్యి అద్దం దగ్గర పెట్టించి చూశాను. ఆ పెద్ద చేతికంటే ఆయన వేళ్ళు ఒక కణుపు తక్కువయ్యాయి. "పాత జిడ్డు అంత తేలిగ్గా పోదే, ఇంజను కూడా చలికి అలాగే చేస్తుంది," అన్నారు. ఆ మాట అంటూనే అద్దానికి ఆనించిన చేతిని ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకున్నారు.

ఆవిడ మందులు వేసుకుంది, ఇంకో అయిదు చలికాలాలు శనివారం శనివారం వచ్చింది. ఆవిడ పోయాక ఆ అద్దం మీద నా చెయ్యి ఒక్కటే కనిపించేది. కాలం అన్నిటినీ తుడిచేస్తుందని ఎవరైనా ఓదారిస్తే తలూపుతాను గాని నమ్మను. నాకంటే గట్టిగా కాలం మాత్రం ఏం తుడుస్తుంది.