బాబా పాత బండి, మామా కారవాన్

2023లో చలికాలం మొదలవుతున్న రోజులు. బహ్రెయిన్‌లో సల్మాబాద్ అంటే గ్యారేజీలు, గోదాములు, వాటి వెనక మాలాంటి కార్మికులుండే క్యాంపులు. అక్కడొక గ్యారేజీలో నేను టో బార్లు బిగిస్తాను. టో బార్ అంటే కారు వెనక చాసీకి, అంటే కింది చట్రానికి, బోల్టులతో బిగించే ఉక్కు కమ్మీ. దాని చివర నిమ్మకాయంత ఉక్కు గుండు ఉంటుంది. పడవైనా, చక్రాల మీది ఇల్లులాంటి కారవానైనా ఆ గుండుకు తగులుకుని కారు వెంట వస్తుంది. జగిత్యాల దగ్గర మా ఊళ్లో గల్ఫ్ అంతా దుబాయే. ఈ పని గురించి ఎంత వివరించినా, "గంగన్న దుబాయిల బండ్లకు తోకలు పెడ్తడు" అనే చెప్పుకుంటారు. ఆలోచిస్తే అంతకంటే మంచి నిర్వచనం నాకూ దొరకలేదు.

చలి పడగానే ఇక్కడి కుటుంబాలు అవాలి అనే ఊరు దాటాక వచ్చే ఎడారిలో గుడారాలు వేసుకుని ఉంటాయి. ఎండాకాలమంతా ఈగలు తోలుకునే నాకు అప్పుడే చేతినిండా పని. అలాంటి ఒక ఉదయం సూరిబాబు వచ్చాడు. అమలాపురం వైపువాడు, నువైద్రాత్‌లో ఒక ఇంట్లో డ్రైవరు.

"ఏవండీ గంగన్నగారూ, ఒకసారి బయటికి రండి. మా బాబా వచ్చారు. మీరు బండి చూసి, కుదరదని చెప్పెయ్యాలండి."

ఇళ్లల్లో పనిచేసేవాళ్లు ఇక్కడ యజమానిని బాబా అని, యజమానురాలిని మామా అని పిలుస్తారు. "మా మామా చీర కావాలన్నారు" అని సూరిబాబు ఒకసారి అంటే, వాళ్ల మామయ్యకు ఏమైందోనని నేను కొంతకాలం బాధపడ్డాను.

"సూడకముందే కుదరదని ఎట్ల చెప్తం తమ్మీ? నాడి పట్టకుండనే పోయిండన్నట్టుంటది."

"నేను చెప్తే పిరికోడంటారండి."

"నేను చెప్తె?"

"మెకానిక్ అంటారండి."

సంగతి ఇది. బాబా చమురు కంపెనీ వర్క్‌షాపులో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. ఆయన భార్యకు మోకాళ్లు అరిగిపోయాయి. ఎడారిలో బాత్రూము కోసం ఇసుకలో నడవలేక కొన్నేళ్లుగా చలికాలం ఇంట్లోనే ఉండిపోతోంది. పిల్లలు, మనవలు అందరూ గుడారాల దగ్గర, ఆవిడ ఒక్కతే నువైద్రాత్‌లో. ఈసారి ఆవిడను తీసుకెళ్లాలని బాబా ఒక పాత కారవాన్ కొన్నారు. పెద్దది, ఒక్కో వైపు రెండేసి చక్రాలది. లోపల వంటగది, మంచాలు, ఏసీ, బాత్రూము. దాన్ని లాగాల్సింది ఇరవై ఏళ్లు దాటిన ఆయన ఫోర్ వీల్ డ్రైవ్. ఆ బండి తోలాల్సింది సూరిబాబు. వెనక సీట్లో కూర్చునేది మామా, మనవలు. అతని భయం అర్థం లేనిది కాదు.

నేను బండి కిందికి దూరాను. ఈ దీవిలో గాలికి కూడా ఉప్పు ఎక్కువే. బీపీ ఉన్నవాళ్లకంటే ముందు అది పాత బండ్ల చాసీని పట్టుకుంటుంది. టో బార్ బిగించే చోట పైపైన తుప్పు ఉందిగానీ, సుత్తితో కొడితే ఇనుము ఖణేల్‌మంది. వెనక స్ప్రింగులు మాత్రం నా నడుములాగే కుంగిపోయాయి. ఆటోమేటిక్ గేర్ బాక్సు ఆయిల్ నల్లబడింది. బరువు లాగితే గేర్ బాక్సు వేడెక్కుతుంది, ఇసుకలో ఇంకా ఎక్కువ. దాని ఆయిల్‌ను చల్లబరచడానికి విడిగా ఒక కూలర్ పెట్టాలి.

బాబా హిందీని అరబీలో ముంచి తీసి మాట్లాడతారు. సారాంశం తెలుగులో చెబుతాను.

"కంపెనీ పుస్తకంలో ఈ బండి దీనికంటే ఎక్కువే లాగుతుందని ఉంది. నేను చదివాను."

"నిజమే బాబా. అది బండి కొత్తగున్నప్పటి మాట. నా పెండ్లి ఫొటో జూస్తే నేను సన్నగుంట."

ఆయన నవ్వి, "నీ స్ప్రింగులు కూడా మార్చాలి," అన్నారు. ఇంజన్ల గురించి నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు. స్ప్రింగులు, ఆయిల్, కూలర్ అన్నిటికీ తలూపారు. పేచీ అంతా బరువు దగ్గరే.

మా పనిలో ఒక మోటు లెక్క ఉంది. కారవాన్ లాగడం అలవాటు లేనివాళ్లకు, సామానుతో కలిపి కారవాన్ బరువు కారు ఖాళీ బరువులో నూటికి ఎనభై ఐదు వంతులు దాటకూడదు. కంపెనీ పుస్తకం ఎంత లాగొచ్చో చెబుతుంది. ఈ లెక్క ఎంత లాగితే ప్రాణం కుదురుగా ఉంటుందో చెబుతుంది. రెండోది నోస్ వెయిట్, అంటే కారవాన్ ముక్కు టో బార్ గుండు మీద మోపే బరువు. ముక్కు మీద కోపం ఉన్నవాళ్లను చాలామందిని చూశాను, కారవాన్‌కు మాత్రం ముక్కు మీద బరువు ఉండాలి. మొత్తంలో నూటికి ఐదు నుంచి ఏడు వంతులు. అది తగ్గి వెనక బరువు పెరిగితే, వేగంలో కారవాన్ తోక ఊపుతుంది. కుక్క తోక ఊపితే ప్రేమ, కారవాన్ ఊపితే ప్రమాదం.

రిపేర్లు అయ్యాక, ఎడారికి ఎలా బయల్దేరుతారో సరిగ్గా అలాగే సర్దుకుని రమ్మన్నాను. వచ్చారు. తలుపు తీసి చూశాను. తివాచీలు, దిండ్లు, కట్టెలు, బొగ్గు బస్తాలు, ఫ్లాస్కులు, వెనక మూలన జనరేటరు. కింద నీళ్ల ట్యాంకు అంచుదాకా నిండి ఉంది.

"నీళ్లు గూడ ఇక్కణ్నించేనా తమ్మీ?"

"ఎడారిలో నీళ్లెక్కడివండీ?" అన్నాడు సూరిబాబు. "గుడారానికి ఎవరొచ్చినా చాయ్, గావా అనే అరబ్బు కాఫీ, భోజనం పెట్టకుండా పంపరండి. అందుకే ఇల్లంతా ఎత్తుకెళ్తారు. ఏటా మూడు నాలుగు పికప్‌లలో పోయేదండి. ఈసారి కారవాన్ ఉందిగా అని అన్నీ దీంట్లోనే కుక్కేశారు."

కాటా మీద తూచాం. కారవాన్ బరువు కారు బరువును దాటిపోయింది. బాబా కాటా ముల్లు చూశారు, మమ్మల్ని చూశారు, "కాటా తప్పు," అన్నారు. వర్క్‌షాపు మనిషి కదా, ఆ మాట ఆయనకే నచ్చలేదు. "యల్లా, పదండి, రోడ్డు మీద చూద్దాం," అన్నారు.

రద్దీ లేని రోడ్డు చూసుకుని, సూరిబాబు స్టీరింగ్ దగ్గర, నేను పక్కన, బాబా వెనక కూర్చుని బయల్దేరాం. మెల్లగా పోతున్నంతసేపు కారవాన్ కొత్త అల్లుడిలా మర్యాదగానే వచ్చింది. కాస్త వేగం అందుకున్నాక ఒక నీళ్ల ట్యాంకరు మమ్మల్ని దాటింది. దాని గాలికి కారవాన్ ఎడమకు ఊగింది, తర్వాత కుడికి, తర్వాత ఇంకొంచెం ఎక్కువగా ఎడమకు. కారు నడుము కూడా దాంతోపాటే ఊగడం మొదలైంది.

"అమ్మబాబోయ్!" అంటూ సూరిబాబు బ్రేకు మీద కాలు వేయబోయాడు.

"బ్రేకు ముట్టకు! కాలు తియ్. స్టీరింగ్ సీదా పట్టు, తిప్పకు!"

తిప్పలేదు. వేగం తగ్గాక ఊపు దానంతటదే చచ్చింది. రోడ్డు పక్కన ఆపాం. సూరిబాబు దిగి కారు మీద చేయి ఆన్చి నిలబడ్డాడు. బాబా కారవాన్ వైపు చూస్తూ, "ఆమె ఈ సంవత్సరం కూడా ఇంట్లోనేనా?" అన్నారు. ఎవరిని అడిగారో తెలియదు.

ఒక పికప్ పిలిపించి సగం సామాను అక్కడే అందులోకి మార్చి, ట్యాంకు నీళ్లు ఇసుకలో వదిలేసి, నిమ్మళంగా నువైద్రాత్ చేరాం. అంత తీసినా నా లెక్కకు బరువు ఇంకా ఎక్కువే. గేటు దగ్గర ముగ్గురం వాదనలో పడ్డాం. వేరే బండి కొనమని నేను, అమ్మేది లేదని బాబా. చిన్న కారవాన్ తీసుకోమని నేను, చిన్నదాంట్లో బాత్రూము ఉండదని బాబా. మధ్యలో సూరిబాబు ఇద్దరికీ తలూపుతున్నాడు. ఆ గొడవకి కర్ర పట్టుకుని మామా బయటికి వచ్చింది. సంగతంతా సూరిబాబు వచ్చీరాని అరబీలో చెప్పాడు. కారవాన్ తలుపు తీయించి, తలుపు అంచు పట్టుకుని లోపలికి తొంగి చూసి ఆవిడ ఏదో అంది. సూరిబాబు నవ్వు ఆపుకున్నాడు.

"ఏమన్నది?" అన్నాను.

"వంటగది ఎవరికి అని అడుగుతున్నారండి. నలభై ఏళ్లు వండింది చాలదా, ఎడారికి కూడా వండడానికే తీసుకెళ్తున్నారా అంటున్నారు."

బాబా ఏదో సర్దిచెప్పబోయారు. ఆవిడ కర్రతో ఒక్కొక్కటే చూపించింది. వంట బయట బొగ్గుల మీదేగా, ఈ పొయ్యి ఎందుకు? ఫ్రిజ్, ఎందుకు? చలిలో ఏసీ ఎందుకు? పై మంచాలు ఎక్కేదెవరు, నా మోకాళ్లా? చివరికి కర్ర బాత్రూము తలుపు దగ్గర ఆగింది. "ఇది. ఒక మంచం. గుడారం కనపడే కిటికీ. ఖలాస్."

వంటగది లేని కారవాన్ చూసి చుట్టాలు నవ్వుతారని బాబా గొణిగారు. బరువు దించితే పరువు కూడా దిగుతుందని ఆయన బెంగ. "నవ్వనీ. నేను కిటికీలోంచి చూస్తాను," అందట మామా.

మర్నాడు పొయ్యి, ఫ్రిజ్, పై మంచాలు, వెనక గోడకున్న ఏసీ ఊడదీశాను. ఏసీ పోయిన రంధ్రానికి అల్యూమినియం రేకు వేశాను. గోడలకు ఆసరాగా ఉన్న అలమరాలను ముట్టుకోలేదు. నీళ్లు, తివాచీలు, కట్టెలు, జనరేటరు వేరే బండ్లలో పోతాయని బాబా ఒప్పుకున్నారు. కాటా మీద తూస్తే, ఎనభై ఐదుకు బాగా కిందే తేలింది. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మెషీన్‌ను కారవాన్ ముక్కు కింద పెట్టి నోస్ వెయిట్ కూడా చూశాం. సరిపోయింది. ఆ ఊపులో నేనూ మెషీన్ ఎక్కాను. నాలోంచి కూడా కొంత ఫర్నిచర్ తీసేయాల్సి ఉందని తెలిసింది. అదే రోడ్డు మీద మళ్లీ నడిపాం. లారీలు దాటినా కారవాన్ గీత గీసినట్టు వచ్చింది.

చలి ముగిసే రోజుల్లో సూరిబాబు బోల్టులు చూపించుకోవడానికి వచ్చాడు.

"మామా ఎట్లున్నది?"

"రెండు రోజులుంటానని వెళ్లారండి. ఇంకా రాలేదు. మందులు నేనే అక్కడికి మోస్తున్నాను."

పాత బండికి కారవాన్ కుదర్చడమంటే నాకు అంతకుముందు రెండు బరువులను పక్కపక్కన పెట్టి చూడడమే. ఒకటి ఎక్కువైతే బండి మార్చమనేవాణ్ని, లేదా కారవాన్ మార్చమనేవాణ్ని. ఆ కారవాన్‌లో సగం బరువు ఎవరూ అడగనిదని, అసలు మనిషిని ఒక్క మాట అడిగితే అది దిగిపోతుందని నాకు తట్టనే లేదు. ఇప్పుడు ఎవరైనా వచ్చి "నా బండి దీన్ని లాగుతుందా?" అంటే, బండి కింద దూరకముందే అడుగుతాను: "ఇందులో పడుకునేది ఎవరు? వాళ్లనొకసారి పిలవండి."