ఆమె ఏమంది?

భీమవరం నుంచి రాజమండ్రి వెళ్లే బస్సులో పక్క సీటాయన ఫోన్‌లో ఏదో పదేపదే వింటున్నారు. నరాల జబ్బుతో మంచం పట్టిన భార్య కోసం, నెట్‌లో అందరికీ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో, ఇంట్లో లైట్లూ ఫ్యాన్లూ ఆమె మాట వినేలా తానే అమర్చుకున్నానని చెప్పారు. ఆమె మాట ముద్దబారేకొద్దీ మళ్లీ రికార్డు చేసి, దానికి కొత్తగా నేర్పుతున్నారట.

"వారం నుంచి దానికేం అర్థం కావట్లేదండి. ఇది కాస్త మీరు వింటారా?" అంటూ ఇయర్‌ఫోన్ ఇచ్చారు.

మూలుగులాంటిదే వినిపించింది. ఏదో ఒకటి చెప్పాలనిపించి, "ఫ్యాన్ వెయ్యమన్నారాండీ?" అన్నాను.

"కాదండి. నన్ను పిలిచింది," అన్నారు. ఇయర్‌ఫోన్ వెనక్కి తీసుకుని, మళ్లీ తన చెవిలో పెట్టుకున్నారు.

తణుకు దాటాక, నా వైపు చూడకుండానే అన్నారు. "నేనూ ఫ్యానే వేశానండి. ఆవిడ ఏడ్చాక తెలిసింది."