గడప కాడి జంపఖాన

ఇయ్యాల క్రిస్మస్ ముందట ప్రభువు రాక కోసం ఎదురుచూసే అడ్వెంట్ దినాల్ల మొదటి ఆదివారమని ఎంకపల్లి చర్చికి పోయిన. గడప కాడ కాళ్లు తుడుసుకుందామని కిందికి చూస్తే ఎరుపు, నీలం చారలు. మన చర్చి పాత జంపఖాన! ముక్కలు కోసి కాళ్ల కింద ఏసిన్రు. కడుపు మండింది.

యాదికున్నదా మనోళ్లకు? కుర్చీలు లేని రోజుల్ల అందరం దాని మీదనే కూసుంటుంటిమి. దుమ్ము వాసన, కానుకకు తెచ్చిన కొత్త వడ్ల వాసన. మా అవ్వ దాని మీద నిలబడి, దేవుడు చేసిన మేలు అందరి ముందట చెప్పే సాక్ష్యం చెప్తే, దేవునితోని పంచాయితీ పెట్టినట్టే ఉండేది.

"అయ్యా, వాన ఇయ్యకపోతివి. బర్రెను తీస్కపోతివి. అయినా పిల్లలు బతికిన్రు, గందుకు వందనాలు. వచ్చే యేడన్న జర మా దిక్కు సూడు!"

ఇప్పుడు చర్చి కమిటీ పెద్దమనిషి మైకు పట్టుకొని, "ఒక్కొక్కరి సాక్ష్యానికి టైం లేదు, అందరి తరఫున నేనే కృతజ్ఞతలు చెప్తున్న" అన్నడు. నా వందనాలు నీ నోట్ల ఎట్లొస్తయని అడుగుదామని లేవబోయిన.

అంతల్నే మార్తమ్మ లేచింది. చిన్న మంగళారం ఊర్ల ఫామ్‌హౌస్‌కు కూలికి పోతదామె. గడప కాడికి పోయి ఒక జంపఖాన ముక్క తెచ్చి, ఆ పెద్దమనిషి ముందటనే దులిపి, పరిసి, దాని మీద నిలబడ్డది.

"నా మోకాళ్ల నొప్పి నీకెర్కనా అన్నా? మరి నా సాక్ష్యం నువ్వెట్ల చెప్తవ్?" అని, మొకం పైకెత్తింది. "అయ్యా, యేడంత సతాయించినవ్. అయినా నడిపించినవ్, వందనాలు. ఎదురుచూస్తున్నం, జల్ది రా!"

మైకు లేకున్నా అందరికీ వినబడ్డది. ఆమేన్ అని నేనే గట్టిగ అన్న.

నా కోపమైతే పోలే. గడప కాడ ఇంకో ముక్క ఉన్నది. వచ్చే ఆదివారం దాన్ని నేను దులుపుత.