ఆరు గంటల నిప్పు

వోంజు ఊరి చివరి గుట్ట మీద పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ అందరిదీ ఒకటే పని. ప్రతి ఇంటి వెనకా రేకుల కొట్టం తలుపు కిర్రుమంటుంది. పట్టకారు బాయిలర్‌లోకి దిగుతుంది. అడుగున బూడిదైన బొగ్గుబిళ్ళ బయటికొస్తుంది, పైన మండుతున్నది అడుక్కి వెళ్తుంది, దాని నెత్తిన నల్లటి కొత్తబిళ్ళ కూర్చుంటుంది. బిళ్ళకి ఇరవై రెండు బెజ్జాలు. కింది బెజ్జాలూ పై బెజ్జాలూ సరిగ్గా కలిస్తేనే నిప్పు పైకెక్కి, నేల కింది గొట్టాల్లో తిరిగే నీళ్ళు కాగి ఇల్లు వెచ్చబడుతుంది. కలవకపోతే ఇంటి నేల చల్లబడుతుంది, ఆ నీళ్ళు గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి. అందుకే చలికాలంలో ఈ గుట్ట ఆడవాళ్ళు పన్నెండు గంటలకి మించి ఎక్కడా ఉండరు. పెళ్ళికి వెళ్ళినా, చావుకి వెళ్ళినా గడియారం చూసుకుని లేచి వచ్చేస్తారు.

బాంగ్ దల్లే ముప్పై ఒక్క ఏళ్ళుగా అలా లేచి వస్తూనే ఉంది.

ఆమెకి యాభై తొమ్మిది. బజార్లో కిమ్చి పచ్చడి కొట్టులో క్యాబేజీలకి ఉప్పు పట్టించి పట్టించి కుడి భుజం పోయింది. కోసి కుట్టాలి, పది రోజులు ఆసుపత్రిలో ఉండాలి, తర్వాత మూడు నెలలు బరువు ఎత్తకూడదు అన్నాడు డాక్టరు. బొగ్గుబిళ్ళ మూడున్నర కిలోలు. ఈలోగా గ్యాసు గొట్టం గుట్ట పైదాకా వచ్చింది. పాత బాయిలర్ తీసేసి గ్యాసుది ఊరికే పెట్టిస్తామని మునిసిపాలిటీ కాగితం పంచింది. ఒప్పుకునేవాళ్ళు శుక్రవారం లోపల సంతకానికి బదులు పేరు ముద్ర వేసి ఇవ్వాలి.

పక్కింటి మియొక్ బుధవారం నాడు గుమ్మంలోంచే అరిచింది. "అక్కా, ముద్ర వేశావా?"

"చూద్దాం లేవే."

"ఏం చూస్తావు? భుజం ఊడి చేతిలోకొచ్చాక చూస్తావా? నేను వేసేశా. మీట నొక్కితే చాలట, నేల వేడెక్కుతుంది. మా ఆయన్ని ఎక్కడ నొక్కినా కదలడు. ఆయన్ని మార్చే పథకం మాత్రం పెట్టలేదు మునిసిపాలిటీ."

దల్లేకి నవ్వొచ్చింది. "కొట్టంలో ఇంకా రెండొందల బిళ్ళలున్నాయే."

"ఉంటే? ఎవరో కంపెనీ వాళ్ళు దానమిచ్చినవేగా! వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ మోశారు, బుగ్గలకి మసి పూసుకుని మరీ ఫోటోలు దిగారు. మనకి ఊపిరితిత్తుల్నిండా ఉంది మసి. ఒక్కడైనా మనల్ని ఫోటో తీశాడా?"

ఊపిరితిత్తుల మాట నోటినుంచి జారాక మియొక్ నాలిక కరుచుకుంది. "అన్నం తిన్నావా అక్కా?" అని మాట మార్చి వెళ్ళిపోయింది.

మూడేళ్ళ కిందట ఇలాంటి కాగితమే వచ్చింది. అప్పుడు దల్లే మొగుడు తాక్ కిసు బతికే ఉన్నాడు. గుట్ట కింది వీధిదాకా వచ్చిన గ్యాసుని, అడిగినవాళ్ళకి పైకి లాగిస్తామన్నారు. పెట్టిద్దామన్నాడు కిసు. దల్లే ఒప్పుకోలేదు. కొత్త బాయిలర్ అంటే నేలంతా తవ్వుతారు, ఆ దుమ్ములో దగ్గుతో ఈయన ఎక్కడ పడుకుంటాడు? అయినా ఉన్నది మండుతూనే ఉంది కదా.

"నీ ఇష్టం," అన్నాడు కిసు. "నీకు అది కాదే కాపలా, దానికి నువ్వు కాపలా."

ఆ చలికాలమే ఊపిరితిత్తులు పాడై అతను మంచాన పడ్డాడు. ఆసుపత్రిలో మూడో అంతస్తు. ఎల్లుండి ఇంటికి పంపిస్తామని డాక్టరు చెప్పిన రోజు, సాయంత్రం అయిదింటికి దల్లే కోటు తొడుక్కుంటుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"ఇవాళ ఉండిపోవే."

"బిళ్ళ మార్చొద్దూ?"

"ఆరితే ఆరనీ."

"ఆరితే ఎల్లుండి మంచుగడ్డ మీద పడుకుంటావా? ఎంతసేపు, ఇలా వెళ్ళి అలా వస్తా. అన్నం కూడా వేడిగా తెస్తా."

కిసు చెయ్యి వదిలేశాడు. ఆమె బస్సెక్కింది, జారుతున్న గుట్ట ఎక్కింది. బిళ్ళ మార్చింది. బెజ్జాలు కలిశాయా లేదా అని రెండుసార్లు వంగి చూసుకుంది. అన్నం వండి, గిన్నెకి మూత పెట్టి, నేల బాగా కాలే మూల, కిసు పడుకునేచోట, బొంత కింద దాచింది. కోటు వేసుకుంటుంటే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఏడుకి పది నిమిషాలు తక్కువ.

అప్పట్నుంచి వేసవిలో తప్ప ఆ బాయిలర్ ఒక్కపూట కూడా ఆరలేదు. ఏ నిప్పు కోసం మొగుణ్ణి వదిలి వచ్చిందో ఆ నిప్పు ఆరిపోతే, తాను ఎందుకు వచ్చినట్టు? ఈ మాట దల్లే ఎవరికీ చెప్పలేదు. చెబితే మియొక్ ఏడుస్తుంది, కొట్టువాళ్ళు జాలిపడతారు. రెండూ ఆమెకి అక్కర్లేదు.

గురువారం పొద్దున పట్టకారు ఎత్తుతుంటే భుజం కలుక్కుమంది. మండుతున్న బిళ్ళ జారి ఆమె కాళ్ళ ముందు పడి ముక్కలైంది. కొట్టం నేలంతా నిప్పులు. దల్లే గోడకి ఆనుకుని వాటినే చూస్తూ కూర్చుంది. ఎలాగూ ఆరిపోతుంది. ఇవాళ కాకపోతే భుజం కోసిన రోజున. అప్పుడు ఇంకెవరో ఆర్పుతారు. నిప్పులు చాలాసేపు ఎర్రగానే ఉన్నాయి. చివరికి మియొక్‌ని పిలిచి కొత్తగా అంటించుకుంది. మధ్యాహ్నం వెళ్ళి ముద్ర వేసి వచ్చింది.

తర్వాతి మంగళవారం సొక్ అనే కుర్ర మెకానిక్ వచ్చాడు. కొట్టంలోకి తొంగిచూసి తల పట్టుకున్నాడు.

"నిన్న సాయంత్రం బిళ్ళ వెయ్యొద్దని ఫోన్లో చెప్పా కదమ్మా! భగభగమంటోంది."

"చెయ్యి ఊరుకోలేదు బాబూ. ఉండు, నేనే తీస్తా."

ఎడమచేత్తో తీసింది. ఎర్రటి బిళ్ళని బయట మంచు పట్టిన మెట్ల పక్కన పెట్టి, అది బూడిదరంగుకి తిరిగేదాకా నిలబడింది. తర్వాత అందరూ చేసినట్టే కాలితో చిదిపి, జారకుండా మెట్ల మీద చల్లింది.

లోపలికొచ్చి, "నేల ఎప్పుడు తవ్వుతావు?" అంది.

"నేలెందుకమ్మా? పాత గొట్టాలకే కలిపేస్తాం. ఈ గుట్ట మీద ఎవరింట్లోనూ తవ్వలేదే."

"మూడేళ్ళ కిందటైతే?"

"అప్పుడూ అంతే."

కుర్రాడు పని ముగించి గోడకి చిన్న డబ్బా బిగించాడు. మీటలు చూపించాడు.

"ఇది పెంచడానికి. ఇది తగ్గించడానికి. ఇదేమో 'బయటికి'. ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు నొక్కండి. నీళ్ళు గడ్డకట్టకుండా అదే చూసుకుంటుంది."

"ఎంతసేపు?"

"సేపేంటమ్మా! వారం, నెల, మీ ఇష్టం."

"మధ్యలో రానక్కర్లేదా?"

"దేనికి?"

కుర్రాడు వెళ్ళాడు. దల్లే నాలుగింటిదాకా ఆ డబ్బా ముందు నిలబడింది. తర్వాత అన్నం వండి, గిన్నెకి మూత పెట్టి, గుడ్డలో చుట్టింది. కోటు తొడుక్కుంది. 'బయటికి' నొక్కింది. తాళం వేసి గుట్ట దిగి బస్సెక్కింది.

ఆసుపత్రి మూడో అంతస్తులో, అప్పట్లో కిసు ఉన్న గది తలుపుకి ఎదురుగా బల్ల మీద కూర్చుంది. లోపల ఆ మంచంలో ఎవరో ముసలాయన నిద్రపోతున్నాడు. గోడ గడియారంలో ఆరైంది. ఆమె కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. ఒళ్ళో గిన్నెని రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చుంది. ఆరున్నరైంది. ఏడుకి పది నిమిషాలు తక్కువైంది. అదీ దాటింది.

నర్సు వచ్చి వంగి అడిగింది. "ఎవరికోసమమ్మా? చీకటి పడింది, ఇంటికి వెళ్ళరా?"

"వెళ్ళక్కర్లేదమ్మా," అంది దల్లే. "ఇవాళ ఉండిపోతా."