పొగ పెట్టెకు వంతులు

నాకు కోపం తొందరగా వస్తుంది, తొందరగా పోతుంది. ఆ ఏడాది మాత్రం వచ్చింది వచ్చినట్టే ఉండిపోయింది.

నరసరావుపేట దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నాను. సిగరెట్టు పొగతో ఊపిరితిత్తులు ఎలా పాడవుతాయో, అడ్డసరం ఆకు సారం ఆ జబ్బును ఎంత తగ్గిస్తుందో ఎలుకల మీద చూడాలి. ముందు జబ్బు తెప్పించాలి, తర్వాత మందు వేయాలి. ఈ మాట ఇంట్లో చెబితే మా అత్తగారు "ఇదేం పాపిష్టి చదువే" అని ముందరి పళ్ళెం వదిలేసి లేచిపోయారు. యూనివర్సిటీ అప్పటికే రెండుసార్లు గడువు పెంచింది. ఈసారి దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అన్నేళ్ళ కష్టం గంగలో కలిసినట్టే.

ఎలుకల్ని రెండు బోన్లలో పెట్టాను. ఎర్ర కార్డు బోనుకు రోజూ పొగ, తెల్ల కార్డు బోనుకు మంచి గాలి. రెండింటికీ తేడా కనబడితేనే నా చదువు ముందుకు కదులుతుంది. ఎలుకల్ని అద్దాల పెట్టెలోకి దించి, పక్కనే ఉండి ఒకటయ్యాక ఒకటి సిగరెట్లు వెలిగిస్తూ, చిన్న పంపుతో పొగ లోపలికి పంపాలి. నాకు క్లాసులుంటాయి కాబట్టి ఆ పని ఎలుకల గది చూసే ముసలాయనకు నేర్పాను; కాలేజీలో అందరం ఆయన్ని బాబాయి అంటాం. ఆయన సాగర్ కాలువ మీద లస్కరుగా చేసి రిటైరైన మనిషి. తూముల తలుపులు ఎత్తి దించి, వంతుల ప్రకారం పొలాలకు నీళ్ళు వదలడం ఆయన ఉద్యోగం. టైము తప్పడు. "పొగ పెట్టాను" అని రోజూ రిజిస్టర్లో సంతకం చేసేవాడు.

మూడు నెలలయ్యాక ఒక్కో బోనులోంచి రెండేసి ఎలుకల్ని తీసి, వాటి ఊపిరితిత్తులు గుంటూరు ల్యాబుకు పంపి స్లైడ్లు చేయించాను. మైక్రోస్కోపులో చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి! పొగ పీల్చినవి అనుకున్నంత పాడవలేదు, పీల్చనివి బాగా లేవు. ల్యాబు కుర్రాడు స్లైడ్లు కలిపేశాడనుకుని బస్సెక్కి వెళ్ళి మరీ కడిగేశాను. పాపం, వాడు మళ్ళీ కోసి ఇచ్చాడు. మళ్ళీ అదే. ఫోన్లో మా గైడు సారు "నీ ఎలుకలు ఎటూ తేల్చుకోలేదమ్మా" అని నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

ఒకరోజు క్లాసు రద్దయి, చెప్పకుండా ఎలుకల గదికి వెళ్ళాను. బాబాయి బోను ఎత్తుకుని పొగ గదిలోకి వెళ్తున్నాడు. ఆ బోనుకు తెల్ల కార్డు ఉంది.

"బాబాయ్! అదెందుకు తీసుకెళ్తున్నావ్?"

"ఇయ్యాల ఈటి వంతమ్మా."

"వంతేంది?"

"మరి రోజూ ఎర్ర కార్డు ఎలకలకే పెడితే ఎట్టా? అయ్యేం పాపం చేసినయ్? మూడ్రోజులు అయ్యి, మూడ్రోజులు ఇయ్యి. కాలవ మీద అన్నేళ్ళు చేశా, ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఇచ్చానని ఒక్కడంటే ఒక్కడనలా."

సంతకాల్లో అబద్ధం లేదు. రోజూ పొగ పెట్టాడు. ఎవరికి పెట్టాడో నేనే అడగలేదు.

"నా బతుకు బుగ్గి చేశావ్ బాబాయ్!" అని అరిచాను. ఇంకా ఏవేవో అన్నాను, రాయడానికి సిగ్గుగా ఉంది. ఆయన బోను కింద పెట్టి, దగ్గుతూ, తలొంచుకు నిలబడ్డాడు. మళ్ళీ ఎలుకలు, మళ్ళీ కమిటీ అనుమతి, మళ్ళీ గడువు కోసం యూనివర్సిటీలో వాళ్ళ కాళ్ళూ వీళ్ళ గడ్డాలూ పట్టుకోవడం. అన్నీ చేసి ఎలాగో ఆఖరి గడువు తెచ్చుకున్నాను. ఏడవడమొక్కటే తక్కువ.

కొత్త ఎలుకలు వచ్చాక ఎవర్నీ నమ్మదలచుకోలేదు. పొగ నేనే పెడతానన్నాను. మొదటి రోజు తలుపు వేసుకుని పంపు ఆన్ చేశాను. పెట్టె మూత సందుల్లోంచి కారిన పొగ గదిలోనే తిరుగుతోంది. పొగ బయటికి లాగే ఫ్యాను ఎప్పుడో పాడైంది. బాగు చేయించమని ఆఫీసులో ఒక కాగితం ఇచ్చి, ఆ సంగతి నేనే మర్చిపోయాను. కళ్ళు మండాయి, గొంతు పట్టేసింది. సగం టైము కూడా ఉండలేక బయటికొచ్చి, గోడ పట్టుకుని వంగి దగ్గాను.

బాబాయి మంచినీళ్ళ చెంబు తెచ్చాడు.

"రోజూ నీకెందుకమ్మా ఇది? రేపు నేనుంటాలే. మనిద్దరం వంతులేసుకుందాం."

ఆయన దగ్గు నేను నెలల తరబడి విన్నాను. ముసలి దగ్గులే అనుకున్నాను.

"మరి ఇన్నాళ్ళూ నీతో ఎవరు వంతేసుకున్నారు బాబాయ్?"

"వంతంటే రెండో మడిసుండాలి గదమ్మా" అన్నాడాయన, చెంబు నా చేతికిస్తూ.