కుర్చీ అడుగున తేదీ

ఆయన్ని పిల్లలు టేపు మావయ్య అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. అన్నం తినేటప్పుడు కూడా అది మెడలోనే వేలాడుతుంది. "స్నానానికైనా తీస్తావా, దానితోనే నీళ్ళు పోసుకుంటావా?" అని భార్య దెప్పుతుంది. ఇరవై రెండేళ్ళు కార్ల సీట్లు కుట్టాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళుగా ఒక ధర్మసంస్థ వర్క్‌షాపులో, నడుము నిలవని పిల్లల కోసం కుర్చీలు చేస్తున్నాడు.

కుర్చీ అంటే నాలుగు కాళ్ళూ ఒక వీపూ అనుకునేరు! ఆ పిల్లల్లో ఒకరు ఒరిగినట్టు ఇంకొకరు ఒరగరు. తుంటి వెడల్పు, తొడ పొడవు, చంక ఎత్తు టేపు చెబుతుంది. మిగతాది ఆయన అరచెయ్యి చెప్పాలి. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వెన్ను మీద చెయ్యి ఆనించి, ఎక్కడ దన్ను ఇస్తే తల నిలుస్తుందో వెతుకుతాడు. ఒక్కోసారి దానికి పూటంతా పడుతుంది. ఆ చోటు దొరికాక దానికి తగ్గట్టు స్పాంజి కోస్తాడు. అంతా అయ్యాక కుర్చీ తిరగేసి, అడుగు చెక్క మీద కొలతలూ, కొలిచిన తేదీ పెన్సిలుతో రాస్తాడు. ఎదిగే పిల్ల కొలత కూరగాయ లాంటిది, నిలవ ఉంచితే పనికిరాదు అని అందరితోనూ పోట్లాడతాడు.

ఆయన్ని ఈ పనిలోకి తెచ్చింది భార్యకు సొంత అన్న, ఆ సంస్థ మేనేజరు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. "బావా, ఇంత విద్య చేతిలో పెట్టుకుని కార్ల కింద దూరతావేంటి, రా నా దగ్గరికి" అన్నాడు మేనేజరు బావ. వచ్చాడు. జీతం తగ్గింది, నిద్ర బాగా పట్టింది. బావ ఒక మాట అంటే మారుమాట లేదు ఈయనకి. అదిగో, అక్కడే వచ్చింది తంటా.

ఏడు నెలల క్రితం ఇస్త్రీ షాపులో పనిచేసే ఒకావిడ ఐదేళ్ళ కూతుర్ని భుజాన వేసుకుని వర్క్‌షాపుకి వచ్చింది. పిల్లను ఇంట్లో గువ్వ అంటారట. చేతులు బాగానే ఆడతాయి. కానీ పడిపోకుండా ఆ చేతులతోనే దేన్నో ఒకదాన్ని పట్టుకుని ఉండాలి. ఇక అన్నం ఎలా తింటుంది? తల్లే పెట్టాలి. తల్లి పనికి పోతే ఆకలితో ఉండాలి. వెన్ను కూడా ఎడమవైపు వంగడం మొదలైంది. త్వరగా దన్ను దొరక్కపోతే ఆ వంపు నిలిచిపోతుందని డాక్టరు చెప్పాడు.

టేపు మావయ్య పిల్లను ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు వెతికాడు. ఎడమ పక్కటెముకల కింద అరచెయ్యి ఆనించగానే గువ్వ తల నిటారుగా లేచింది. రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీ చేతులతో మొట్టమొదట చేసిన పని, ఆయన మెడలో టేపు లాగి నోట్లో పెట్టుకోవడం.

"ఓసి నీ దుంప తెగ! నా అన్నం తినేస్తున్నావే!" అని ఆయన నవ్వాడు. తల్లి నవ్వబోయి ఏడ్చేసింది.

"ఎన్ని రోజులు పడుతుందన్నయ్యా?"

"రెండు వారాలమ్మా. నా మాట నమ్ము."

పన్నెండు రోజుల్లో చేసేశాడు. కుర్చీని వ్యానులోకి తన చేతులతో ఎక్కించాడు. నాలుగో రోజున బావను పట్టుకుని, "పిల్ల కూర్చుందా?" అన్నాడు.

"కూర్చోవడమేంటి బావా, రాణీగారే! ముందున్న చెక్క మీద రెండు చేతులతో దరువేస్తోంది."

ఆ దరువు సంగతి ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. ఎదురింటివాళ్ళకీ చెప్పాడు. నెలకోసారి బావను అడిగేవాడు, బావ ప్రతిసారీ ఒక కొత్త ముచ్చట చెప్పేవాడు. సొంతంగా తింటోందట, గిన్నె తోసేస్తోందట. స్వయంగా వెళ్ళి చూస్తానంటే, "ఉన్నది ఒక్క గది, వాళ్ళు సిగ్గుపడతారు బావా" అన్నాడు. నిజమే కాబోలు అనుకున్నాడీయన. గిన్నె జారకుండా చెక్కకు బిగించే రింగు ఒకటి ఇంట్లోనే చేసి, అంచుకి మెత్తటి తోలు కుట్టాడు.

సంస్థ ఏడాదికోసారి సభ పెడుతుంది. ఈయనకి సభలు పడవు, ఒక్కదానికీ వెళ్ళలేదు. బావ కూడా ఏనాడూ రమ్మనలేదు. ఈసారి మాత్రం గువ్వ తల్లి వస్తుందని సంస్థ వ్యాను డ్రైవరు చెబితే, రింగు ఇద్దామని ఉతికిన చొక్కా వేసుకుని పొద్దున్నే వెళ్ళాడు.

వేదిక మీద పది కుర్చీలు వరసగా ఉన్నాయి. ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు. మూడోది తనది. తను కుట్టిన కుట్టు తనకి తెలియదా? ఇంకోటేదో అలాంటిదే అయి ఉంటుందని మనసుకి సర్ది చెప్పుకున్నాడు పాపం. అప్పుడు హాల్లోకి ఇస్త్రీ షాపావిడ వచ్చింది. గువ్వ ఆమె భుజం మీదే ఉంది.

ముఖ్య అతిథి వచ్చాడు, చప్పట్లు మోగాయి. గువ్వను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. కూర్చోబెట్టడం కాదది, కుక్కడం. ఏడు నెలల్లో పిల్ల ఎదగదా? మోకాళ్ళు చెక్కకు తగులుకున్నాయి. పక్క దన్ను నడుములోకి గుచ్చుకుంది. బెల్టు అందకపోతే ఎవరో బలంగా లాగి బిగించారు. గువ్వ కెవ్వుమంది. "ఒక్క నిమిషం బంగారం, ఇటు చూడు" అంటున్నాడు ఫోటోగ్రాఫరు.

టేపు మావయ్య వేదిక ఎలా ఎక్కాడో ఆయనకే తెలియదు. బెల్టు విప్పి పిల్లను చంకనేసుకున్నాడు. రెండో చేత్తో కుర్చీని తిరగేశాడు. అడుగు చెక్క మీద తన రాత, ఏడు నెలల కిందటి తేదీ.

మేనేజరు బావ నవ్వుమొహంతోనే దగ్గరికొచ్చి పళ్ళ బిగువున అన్నాడు. "పరువు తీయకు బావా. దిగు."

"దరువేస్తోందన్నావే! ఎవరేశారా దరువు?"

"విరాళమిచ్చే ఆ పెద్దాయన ఇన్నాళ్ళకి దొరికాడు. ఒక్కో కుర్చీ ఇచ్చేస్తే ఫోటోలో ఏముంటుంది? పది కలిపిస్తేనే కదా వచ్చే ఏడాదికి ఇంకో పది. నీకు చెబితే ఊరుకుంటావా? పని ఆపి కూర్చుంటావు."

"ప్రతి ఏడూ ఇంతేనా?"

బావ అతిథి వైపు చూసి చేతులు జోడించాడు.

ఎనిమిదేళ్ళు! ఎంతమంది పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఎంతమంది తల్లులకు రెండు వారాలని మాటిచ్చాడో! పరాయివాడు చేసి ఉంటే చొక్కా పట్టుకునేవాడు. ఇంట్లోవాడు, చెల్లెలి మొగుడని కూడా చూడకుండా నమ్మించి గొంతు కోశాడు.

వేదిక దిగి పిల్లను తల్లికి ఇవ్వబోయాడు. ఆమె కళ్ళల్లో కృతజ్ఞత లేదు.

"రెండు వారాలన్నారు కదన్నయ్యా."

"అమ్మా, నేను పన్నెండు రోజుల్లోనే..."

"నెలనెలా ఆఫీసుకెళ్ళి అడిగాను. మీరింకా కుట్టలేదనే చెప్పారు. మీకు పనెక్కువట, కుర్చీ మీరు చేసిచ్చినప్పుడేనట. మీ వర్క్‌షాపుకే వచ్చి గట్టిగా అడుగుదామనుకున్నా. ఊరికే చేసిపెట్టేవాళ్ళని ఏమని నిలదీస్తాం? నోరు మూసుకున్నా."

తన పేరే వాడారు. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో, పిల్ల ఆకలికి కారణం టేపు మావయ్యే.

అక్కడే కింద చతికిలబడి గువ్వను ఒళ్ళో పెట్టుకున్నాడు. పాత చోటున, ఎడమ పక్కటెముకల కింద అరచెయ్యి ఆనించాడు. తల లేవలేదు. కిందికి జరిపాడు, పైకి జరిపాడు. వంపు ముదిరిపోయింది. ఆ చెయ్యికి తెలిసిన వెన్ను కాదిది.

"మళ్ళీ కొలుస్తానమ్మా" అన్నాడు. "ఈసారి ఎవరి చేతికీ ఇవ్వను. నేనే నెత్తిన పెట్టుకుని మీ ఇంటికి మోసుకొస్తాను."

ఆమె పిల్ల వైపు చూసింది, ఆయన మెడలోని టేపు వైపు చూసింది.

"ఎన్ని రోజులు?" అంది.

ఆయన నోరు తెరిచాడు. ఒక్క అంకె కూడా బయటికి రాలేదు.